చౌకలో లెన్సు ఎక్కడ? చెవిటికల్లు నుంచి తాడిగడప దాకా

"కాంటాక్ట్ లెన్సులు తక్కువలో ఎక్కడ దొరుకుతాయి?" నందిగామ, జగ్గయ్యపేట వైపు డిగ్రీలు, ఇంజినీరింగులు చదివే పిల్లలున్న ఇళ్లలో ఈ ప్రశ్న ఇప్పుడు మామూలైపోయింది. ఒకప్పుడు లెన్సులంటే సినిమావాళ్ల వ్యవహారం. ఇవాళ ఫోనులో ఆర్డరు పెడితే పెట్టె ఇంటికే వస్తోంది. నాలుగు కంపెనీల ధరలు పక్కపక్కన పెట్టి చూసుకోవడం పెద్ద పని కాదు. అయితే ధర చూసుకునే ముందు తేల్చుకోవలసినవి కొన్ని ఉన్నాయి. అవి ఫోనులో తేలవు. కంటి డాక్టరు ముందు కూర్చుంటేనే తేలతాయి. ఈ మొత్తం ప్రశ్నను చెవిటికల్లు లాంటి ఊళ్లో ఉండి చూస్తే ఎలా కనిపిస్తుందో పరిశీలిద్దాం.

చెవిటికల్లు కంచికచర్ల మండలంలో, కృష్ణ ఒడ్డుకు దగ్గర్లో ఉన్న ఊరు. జిల్లాల విభజనకు ముందు కృష్ణా జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి ఎన్టీఆర్ జిల్లా. కంచికచర్ల చేరితే హైదరాబాదు రోడ్డు తగులుతుంది. ఒకవైపు నందిగామ, జగ్గయ్యపేట, మరోవైపు ఇబ్రహీంపట్నం, విజయవాడ. పత్తి, మిరప పండే మెట్ట ఇది. జగ్గయ్యపేట చుట్టుపక్కల జయంతిపురంలో రామ్‌కో, ముక్త్యాలలో కేసీపీ సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్నాయి. కళ్ల సంగతి మాట్లాడేటప్పుడు ఈ మిరప ఘాటును, పత్తి నూగును, సిమెంటు దుమ్మును పక్కన పెట్టడానికి వీల్లేదు. విజయవాడ బీసెంట్ రోడ్డులో ఉండేవాళ్లకు సరిపడే సలహా ఇక్కడ యథాతథంగా పనికిరాదు.

లెన్సుల కన్నా ముందు కళ్లజోడు సంగతి చూడాలి. ఒకే ఇంట్లో మూడు తరాల కళ్లకు మూడు రకాల అవసరాలుంటాయి. మనవరాలికి బోర్డు మీద అక్షరాలు మసగ్గా కనిపిస్తాయి, అది హ్రస్వదృష్టి. తాతకు శుక్లాలు. నడివయసు తల్లికి చత్వారం. మొదటి రెండింటి గురించి అందరూ మాట్లాడతారు. మూడోదాన్ని ఎవరూ పట్టించుకోరు. నలభై దాటాక దగ్గరి వస్తువులు మసకబారడం అందరికీ వచ్చేదే. బియ్యంలో రాళ్లు ఏరడం, సూదిలో దారం ఎక్కించడం, మిరపకాయల్లో తాలు ఏరి తొడిమలు తీయడం, ఫోనుకొచ్చిన ఓటీపీ చదవడం, అన్నీ దగ్గరి చూపుతో చేసే పనులే. కూలి దొరికేదీ ఈ పనుల మీదే. అస్సాం తేయాకు తోటల్లో నలభై దాటిన కూలీలకు దగ్గరి చూపు అద్దాలిచ్చి చేసిన ఒక అధ్యయనం 2018లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చింది. అద్దాలు పెట్టుకున్నవాళ్ల కోత, పెట్టుకోనివాళ్లతో పోలిస్తే దాదాపు 22 శాతం ఎక్కువగా పెరిగింది. ఒకటి రెండు వందల రూపాయల్లో దొరికే అద్దం అది. కంటికి పెట్టే ఖర్చులో ఇంత త్వరగా తిరిగొచ్చేది మరొకటి నాకు కనిపించలేదు. ఇంట్లో అమ్మాయికి లెన్సులు కొనే ఆలోచన వచ్చిన రోజున అమ్మకు దగ్గరి చూపు అద్దాలున్నాయా అని కూడా చూసుకుంటే మంచిది.

చూపు పోయిందంటే ఆపరేషనే గతి అనుకుంటాం. 1996 నుంచి 2000 దాకా ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి వాళ్లు హైదరాబాదు, పశ్చిమగోదావరి, ఆదిలాబాదు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో పది వేలమందికి పైగా పరీక్షించి ఒక పెద్ద అధ్యయనం చేశారు. జనంలో 1.84 శాతం మంది అంధులని తేలింది. అందులో 44 శాతానికి కారణం శుక్లాలు. 16 శాతానికి పైగా మందికి కేవలం సరైన అద్దాలు లేకపోవడమే కారణం. అంటే ఆనాటి ఉమ్మడి రాష్ట్రంలో ప్రతి ఆరుగురు అంధుల్లో దాదాపు ఒకరు అద్దాలు పెట్టుకుంటే చూడగలిగేవాళ్లే. ఆ తరవాత పాతికేళ్లలో పరిస్థితి ఎంతో మెరుగుపడింది. అయినా ఆ లెక్క నేర్పిన పాఠం అలాగే ఉంది: అన్నిటికన్నా ముందు సరైన పరీక్ష అందాలి.

మరి పరీక్ష ఎక్కడ? ప్రభుత్వం వైపు నుంచి చూస్తే, 1976లో మొదలైన జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం శుక్లాల ఆపరేషన్లను ఊళ్లకు తెచ్చింది. అంతకు ముందు నుంచే డాక్టర్ పెరుగు శివారెడ్డి లాంటివాళ్లు శిబిరాలు పెట్టి పల్లెల్లో ఆపరేషన్లు చేస్తూ వచ్చారు. పెద్ద ప్రభుత్వాసుపత్రుల్లో కళ్లు పరీక్షించే ఆప్తాల్మిక్ ఆఫీసర్లుంటారు. ఇటీవలి కాలంలో జనానికి బాగా గుర్తున్నది కంటి వెలుగు. తెలంగాణలో 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో మొదలైంది. రెండో విడత 2023 జనవరిలో ఖమ్మంలో ప్రారంభమైంది. జగ్గయ్యపేట నుంచి చూస్తే ఖమ్మం పక్కనే. ఇక్కడ ఆంధ్రప్రదేశ్‌లో వైఎస్సార్ కంటి వెలుగును 2019 అక్టోబరు 10న అనంతపురంలో ప్రారంభించి ముందుగా బడిపిల్లలకు పరీక్షలు చేశారు. చాలా ఇళ్లలో పిల్లకు చూపు తక్కువని మొదటిసారి తెలిసింది ఆ పరీక్షలోనే. ఈ మేలును తక్కువ చేసి చెప్పలేం. కాకపోతే శిబిరం వచ్చి వెళ్లిపోతుంది, ఎదిగే పిల్లల సైటు మాత్రం ఏటేటా మారుతుంది. ఎనిమిదేళ్లప్పుడు ఇచ్చిన అద్దాలు పదేళ్లకు చాలవు. నాలుగేళ్లకోసారి వచ్చే పెద్ద శిబిరం కన్నా, ఏటా జూన్‌లో బడి తెరవగానే జరిగే చిన్న పరీక్ష పిల్లలకు ఎక్కువ ఉపయోగం. బడిపిల్లల కోసం ఉన్న రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమాన్ని తల్లిదండ్రుల కమిటీలు పట్టుబట్టి తమ బడికి రప్పించుకోవాలి.

ట్రస్టు ఆసుపత్రుల విషయంలో ఈ ప్రాంతం అదృష్టం చేసుకుంది. 1987లో డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు హైదరాబాదులో కంటి వైద్య సంస్థ పెట్టినప్పుడు సినీ నిర్మాత, దర్శకుడు ఎల్వీ ప్రసాద్ బంజారాహిల్స్‌లో ఐదెకరాల స్థలం, కోటి రూపాయలు ఇచ్చారు. ఆ సంస్థ విజయవాడ శాఖ తాడిగడపలో, బందరు రోడ్డు మీద ఉంది. ఊళ్లలో చిన్న దృష్టి కేంద్రాలు, వాటి పైన చిన్న ఆసుపత్రులు, ఆ పైన పెద్దాసుపత్రులు, ఇలా అంచెలంచెలుగా కట్టుకొచ్చారు. కింది అంచెలో పనిచేసేది డాక్టరు కాదు, ఏడాది పాటు శిక్షణ పొందిన స్థానిక యువతీ యువకులు. సైటు చూసి అద్దాలు రాయడం, డాక్టరు చూడవలసిన కన్ను ఏదో గుర్తించి పంపడం వాళ్ల పని. మెట్ట ప్రాంతానికి కావలసింది సరిగ్గా ఇలాంటి ఏర్పాటే. విజయవాడ–గుంటూరు రోడ్డులో పెదకాకాని దగ్గర శంకర కంటి ఆసుపత్రి ఉంది. ఎక్కువమంది పేదలకు ఉచితంగా చేసి, డబ్బు కట్టగలిగినవాళ్ల రాబడితో ఆ ఖర్చు పూడ్చుకోవడం వాళ్ల పద్ధతి. ఈ రెండు చోట్లకూ కంచికచర్ల నుంచి పొద్దున బయలుదేరి సాయంత్రానికి తిరిగి రావచ్చు.

ఇక్కడ అసలు ఖర్చు ఆసుపత్రి ఫీజు కాదు. బస్సు చార్జీలు, తోడు వచ్చినవాళ్ల చార్జీలు, ఇద్దరి కూలి, మధ్యాహ్నం భోజనం కలిపితే అది ఫీజుకు మించుతుంది. అందువల్ల వెళ్లే ఆ ఒక్క రోజును పూర్తిగా వాడుకోవాలి. పాత కళ్లజోడు, పాత చీటీలు, షుగరు, బీపీ మందుల పేర్లు వెంట పెట్టుకోవాలి. కనుపాప పెద్దది చేసే చుక్కలు వేస్తే కొన్ని గంటలపాటు దగ్గరివి కనిపించవు, వెలుతురు ఓర్చుకోలేరు. కాబట్టి బండి నడుపుకుంటూ వెళ్లకూడదు. కుటుంబంలో నలభై దాటినవాళ్లంతా ఒకేసారి వెళ్తే ఖర్చు కలిసొస్తుంది. షుగరు ఉన్నవాళ్లు చూపు బాగానే ఉందనిపించినా ఏడాదికోసారి కంటి వెనక పొర చూపించుకోవాలి.

దగ్గర్లో ఉన్నది కళ్లద్దాల షాపు. కంచికచర్లలో, నందిగామలో, జగ్గయ్యపేటలో షాపులకు కొరత లేదు. వీళ్లు చేసే సేవను చులకన చేయను. సైటు స్థిరపడిన పెద్దవాళ్లకు అద్దం మార్చుకోవడానికి షాపు చాలు. అయితే కంప్యూటరు పరీక్ష అనేదాని మీద ఒక అపోహ ఉంది. యంత్రం ఇచ్చే అంకె ఆరంభం మాత్రమే. ఆ తరవాత అద్దాలు మార్చి మార్చి, ఏది స్పష్టంగా ఉందో మనిషిని అడిగి తేల్చాలి. పిల్లల విషయంలో మరీ జాగ్రత్త అవసరం. పిల్లల కంటి కండరం గట్టిగా పట్టేస్తుంది కాబట్టి యంత్రం లేని మైనస్‌ను చూపించగలదు. అందుకే పిల్లలకు చుక్కల మందు వేసి చూడాలి, అది డాక్టరు దగ్గరే జరగాలి. ఉచిత పరీక్ష అని బోర్డు పెట్టిన చోట ఆ ఖర్చు ఫ్రేములో కలుస్తుంది. అద్దాల ధర వేరుగా, ఫ్రేము ధర వేరుగా అడిగి రాయించుకుంటే ఎంతకు ఏం కొంటున్నామో తెలుస్తుంది.

ఇప్పుడు లెన్సుల సంగతికి వద్దాం. మెత్తటి కాంటాక్ట్ లెన్సును చెకొస్లొవేకియా శాస్త్రవేత్త ఓటో విఖ్‌టెర్లె 1961లో క్రిస్మస్ రోజుల్లో ఇంట్లో, పిల్లల మెకానో లాంటి బొమ్మ సామానుతో చేసిన యంత్రం మీద తయారు చేశాడు. బాష్ అండ్ లాంబ్ కంపెనీ తయారీకి 1971లో అమెరికా అనుమతి వచ్చింది. 1999 ప్రాంతంలో సిలికాన్ హైడ్రోజెల్ లెన్సులు వచ్చాయి. ఈ మార్పు వెనక ఒక శరీరధర్మం ఉంది. నల్లగుడ్డు మీది పారదర్శక పొరలో రక్తనాళాలుండవు. తనకు కావలసిన ప్రాణవాయువును అది నేరుగా గాలి నుంచి తీసుకుంటుంది. లెన్సు పెడితే ఆ దారికి అడ్డం పడినట్టే. సిలికాన్ కలిపిన లెన్సు ప్రాణవాయువును ఎక్కువగా వదులుతుంది. వారానికి ఒకటి రెండు రోజులు, కొన్ని గంటలు పెట్టుకునేవాళ్లకు పాతరకం చాలు. పొద్దుటి నుంచి రాత్రి దాకా పెట్టుకునే ఉద్యోగులకు, విద్యార్థులకు సిలికాన్ రకమే నయం. చౌక, ఖరీదు అన్న మాట ఇక్కడ వాడకాన్ని బట్టి మారుతుంది.

చాలామంది కళ్లజోడు చీటీ చూసి అదే నంబరుతో లెన్సులు ఆర్డరు పెడతారు. మైనస్ నాలుగు దాకా పెద్ద తేడా రాకపోవచ్చు. ఆ పైన వస్తుంది. కళ్లజోడు అద్దం కంటికి 12 మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది, లెన్సు కంటి మీదే ఉంటుంది. అందువల్ల మైనస్ ఆరు కళ్లజోడు ఉన్నవాళ్లకు లెన్సు మైనస్ ఐదున్నర, ఐదూ ముప్పావు దగ్గర కుదురుతుంది. ఆరే తెప్పించుకుంటే కన్ను రోజంతా ఎక్కువ శ్రమ పడుతుంది, తలనొప్పి వస్తుంది. చీటీలో సిలిండరు నంబరు ఎక్కువగా ఉంటే టోరిక్ లెన్సు కావాలి. వీటికి తోడు లెన్సు వంపు, వ్యాసం కూడా కుదరాలి. వంపు బిగుతైతే లెన్సు కంటికి అతుక్కుపోతుంది, వదులైతే కదిలిపోయి రాపిడి చేస్తుంది. ఒక కంపెనీ లెన్సు కుదిరిందని అదే నంబరున్న మరో కంపెనీ లెన్సు కుదురుతుందన్న భరోసా లేదు. కంటి మీద పెట్టి, భూతద్దపు యంత్రంలో చూసి, కాసేపు ఉంచి తేల్చవలసిన విషయమిది. ఈ పరీక్షకు ఒక్కసారి డబ్బు పెడితే ఆ తరవాత ఏడాది పొడుగునా ఎక్కడ చౌకగా దొరికితే అక్కడ కొనుక్కోవచ్చు. వరస తిరగబడితేనే నష్టం.

ఖర్చు లెక్క వేసి చూద్దాం. ధరలు కంపెనీని బట్టి మారతాయి, లెక్క వేసే పద్ధతి మాత్రం మారదు. నెల నెలా మార్చే లెన్సు ఒక్కోటి 150 రూపాయలనుకుంటే రెండు కళ్లకు ఏడాదికి 24 లెన్సులు, 3,600 రూపాయలు. కడిగే ద్రావణానికి ఏడాదికి మరో రెండు వేలు వేసుకుంటే ఐదారు వేల ఖర్చు. రోజూ పారేసే లెన్సు 40 రూపాయలనుకుంటే ఏడాదికి 730 లెన్సులు, 29,200 రూపాయలు. కళ్లజోడు వెయ్యి, రెండు వేలలో రెండేళ్లు వస్తుంది. పైగా లెన్సులున్నా కళ్లజోడు ఖర్చు తప్పదు. రాత్రి లెన్సులు తీశాక, కన్ను ఎర్రబడినప్పుడు, జ్వరమొచ్చినప్పుడు కళ్లజోడే దిక్కు. కళ్లజోడు లేకుండా లెన్సుల మీదే బతికేవాళ్లు కన్ను ఎర్రబడినా లెన్సు తీయలేక పెట్టుకుంటూనే ఉంటారు. ప్రమాదం అక్కడే మొదలవుతుంది. నెలసరి లెన్సును రెండు మూడు నెలలు వాడి ఆదా చేశామనుకోవడం కూడా అంతే ప్రమాదం. పెళ్లిళ్లకూ పేరంటాలకూ మాత్రమే లెన్సులు కావలసినవాళ్లకు రోజువారీ లెన్సుల చిన్న పెట్టె మేలు. ద్రావణం ఖర్చుండదు, డబ్బా కడిగే బాధ ఉండదు. రెండు కళ్ల నంబర్లు వేరైతే మాత్రం రెండు పెట్టెలు కొనాలి.

ఫోనులో కొనడం తప్పేమీ కాదు. లెన్స్‌కార్ట్ లాంటి సంస్థలు సొంత పేరుతో తక్కువ ధర లెన్సులు తెచ్చాక ధరలు పోల్చుకునే వీలు పెరిగింది. పెట్టె చేరాక సీలు, గడువు తేదీ, బ్యాచి నంబరు, తయారీదారు పేరు, రెండు కళ్ల నంబర్లు చూసుకుని, తేడా ఉంటే తెరవకుండా వాపసు చేయాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి కాంటాక్ట్ లెన్సుల మీద, చూపు దిద్దే కళ్లజోళ్ల మీద జీఎస్టీ 5 శాతానికి తగ్గింది. లెన్సుల మీద అంతకు ముందు 12 శాతం ఉండేది. ఆ తగ్గుదల బిల్లులో కనపడుతోందో లేదో చూసుకోవడం కొనేవాళ్ల హక్కు.

ధర కన్నా నన్ను ఎక్కువగా కలవరపెట్టేది కంటి పుండు. పత్తి చేలో ఆకు కొస తగిలినా, జొన్న ఆకు గీసినా, వరి గింజ ఎగిరి పడినా నల్లగుడ్డు మీద గీత పడుతుంది. ఆ గీతలో మట్టిలోని బూజు చేరితే పుండవుతుంది. దక్షిణ భారతంలో రైతు కళ్లలో కనిపించే బూజుల్లో ఫ్యుజేరియం ముఖ్యమైనది. 2006లో అమెరికాలో, సింగపూరులో, హాంకాంగులో లెన్సులు పెట్టుకున్నవాళ్ల కళ్లకు సోకిందీ ఇదే ఫ్యుజేరియం. ఒక ప్రసిద్ధ కంపెనీ ద్రావణంతో దానికి సంబంధం ఉందని తేలి, ఆ సరుకును ప్రపంచమంతటా వెనక్కి తీసుకున్నారు. పొలం ముఖం చూడని నగరాల్లోనే అలా జరిగితే, బూజు గాలిలో, మట్టిలో ఉన్న చోట లెన్సు వాడకం ఎంత నిష్ఠగా ఉండాలో ఊహించుకోవచ్చు. చేలో పనిచేసే రోజున, మందు కొట్టే రోజున, కల్లంలో మిరపకాయలు ఆరబోసే రోజున లెన్సు అసలు పెట్టకూడదు. మిరప ఘాటు ఒకసారి చెయ్యి కడిగితే పోదు. ఆ వేలితో లెన్సు తీయబోతే కన్ను మంటెత్తిపోతుంది. సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లకూ ఇదే మాట. దుమ్ము రేణువు లెన్సు కింద చేరితే లెన్సు కదిలినప్పుడల్లా గీస్తుంది. వీళ్లకు పవర్ అద్దాలతో వచ్చే రక్షణ కళ్లజోడు మంచి దారి.

నీటి సంగతి ఇంకా తక్కువమందికి తెలుసు. కుళాయి నీటిలో, బోరు నీటిలో, ఏటి నీటిలో అకాంతమీబా అనే సూక్ష్మజీవి ఉంటుంది. లెన్సున్న కంట్లో అది చేరితే వచ్చే పుండు నెలల తరబడి బాధిస్తుంది, చూపు పోగొట్టగలదు. అందుకని లెన్సును, దాని డబ్బాను నీళ్లతో కడగకూడదు. వేదాద్రిలో, ముక్త్యాలలో కృష్ణ స్నానానికి దిగినా, పెనుగంచిప్రోలు తిరునాళ్లకు వెళ్లి మునేట్లో మునిగినా ముందు లెన్సులు తీసి పెట్టుకోవాలి. ఇంట్లో తలస్నానానికీ అంతే. ఇక నిద్ర. 1989లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన లెక్క ప్రకారం, పగలు పెట్టుకుని రాత్రి తీసే మెత్తటి లెన్సులవాళ్లలో ఏడాదికి పదివేల మందిలో నలుగురికి పుండు వస్తే, రాత్రి కూడా ఉంచుకునే రకం వాడేవాళ్లలో ఇరవై మందికి పైగా వచ్చింది. ఐదు రెట్లు. ఈ లెక్క రెండు విషయాలు చెబుతుంది. సరిగ్గా వాడితే లెన్సు భయపడవలసిన వస్తువు కాదు. లెన్సుతో రాత్రి బస్సులో హైదరాబాదు దాకా నిద్రపోతే మాత్రం ఆ భద్రత పోతుంది.

సరిగ్గా వాడటమంటే పెద్ద విద్యేమీ కాదు. సబ్బుతో చేతులు కడిగి పొడి గుడ్డతో తుడుచుకోవడం, లెన్సును అరచేతిలో ద్రావణంతో రుద్ది కడగడం, డబ్బాలో నిన్నటి ద్రావణం పారబోసి కొత్తది నింపడం, మూడు నెలలకోసారి డబ్బా మార్చడం. ద్రావణం సీసా తెరిచిన తేదీ దాని మీదే రాసి, కంపెనీ చెప్పిన గడువు కాగానే మిగిలినా పారేయాలి. ఇది బరువనిపిస్తే కళ్లజోడే నయం. అందులో చిన్నతనమేమీ లేదు.

కన్ను ఎర్రబడి, నొప్పి పెట్టి, వెలుతురు చూడలేకపోతే ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. మన ఊళ్లలో ముందు చనుబాలు, ఆకు పసర్లు, ఆముదం, తరవాత ఆర్‌ఎంపీ ఇచ్చే చుక్కలు, అప్పటికీ తగ్గకపోతే విజయవాడ. ఈ వరసలో వారం పది రోజులు గడుస్తాయి. మందుల షాపులో చీటీ లేకుండా దొరికే చుక్కల్లో స్టెరాయిడ్ కలిసినవి ఉంటాయి. వేయగానే ఎరుపు తగ్గి హాయనిపిస్తుంది. లోపల బూజు మాత్రం వాటి అండతో పెరిగిపోతుంది. తరచూ వాడితే కంట్లో ఒత్తిడి పెరిగి నీటికాసులు, శుక్లాలు కూడా రావచ్చు. చుక్కల సీసా కొనేముందు ఇందులో స్టెరాయిడ్ ఉందా అని అడగడం ప్రతి ఇంట్లోనూ అలవాటు కావాలి.

ఆడపిల్లల ఇళ్లలో లెన్సుల మాట ఎక్కువగా వచ్చేది పెళ్లిచూపుల ముందు. అద్దాలున్న పిల్లను వద్దంటారన్న భయం ఇంకా పోలేదు. ఆ భయం వల్లే ఎందరో ఆడపిల్లలు బడిలో అద్దాలు పెట్టుకోక చదువులో వెనకబడ్డారు. నాకు ఇది నిజంగా బాధ కలిగిస్తుంది. పెళ్లి మేకప్‌లో రంగు లెన్సులు పెట్టడం కొత్తగా పెరిగింది. సైటు లేదు కదా, ఉత్త రంగే కదా అనుకుంటారు. పవర్ లేకపోయినా అది కంటిని కప్పే లెన్సే. ఒకరికి పెట్టినది మరొకరికి పెట్టకూడదు. సీలు తీయని కొత్త లెన్సును, ముందుగా డాక్టరుకు చూపించుకున్న కంటికి, శుభ్రమైన చేత్తో పెట్టించుకోవాలి. ముహూర్తం అర్ధరాత్రయినా పడుకునే ముందు తీసేయాలి.

లెన్సు సోకు కాదు, మందు అయిన వాళ్లూ ఉన్నారు. కెరటోకోనస్ అనే జబ్బులో నల్లగుడ్డు మీది పొర పలచబడి కోసుగా ముందుకు వస్తుంది. పదిహేను, ఇరవై ఏళ్ల వయసులో బయటపడుతుంది. కళ్లు బాగా నలుపుకునే అలవాటు దాన్ని పెంచుతుంది. అద్దాలు ఎన్నిసార్లు మార్చినా చూపు కుదరదు. గట్టిరకం గాలి చొరబడే లెన్సు పెడితే చూపు వస్తుంది. పుట్టుశుక్లాలు తీయించుకున్న పసిబిడ్డలకూ లెన్సు అవసరం పడవచ్చు. వీళ్లు చౌకదనం వెతుక్కోకుండా ట్రస్టు ఆసుపత్రిలో కాంటాక్ట్ లెన్సు విభాగానికే వెళ్లాలి. ఏడాదిలో రెండు మూడుసార్లు అద్దాల నంబరు మారిన పిల్లవాణ్ణి షాపులో ఆపేయకుండా అక్కడికి తీసుకెళ్లాలి.

అమెరికా చదువులకు వెళ్లే పిల్లలు ఏడాదికి సరిపడా లెన్సులు, రెండు జతల కళ్లజోళ్లు పెట్టెలో సర్దుకోవడం మన ప్రాంతంలో మామూలే. అక్కడ లెన్సు కొనాలంటే చీటీ తప్పనిసరి. అయితే పరీక్ష చేసిన డాక్టరు, రోగి అడగకపోయినా లెన్సు కొలతల చీటీ చేతికివ్వాలని 2003లో చట్టం చేశారు. దాంతో రోగి తనకు నచ్చిన చోట కొనుక్కోవచ్చు, అమ్మేవాళ్ల మధ్య పోటీ పెరిగింది. మన దగ్గర కూడా వైద్య మండలి 2002 నియమాల ప్రకారం రోగి అడిగితే తన వైద్య పత్రాలను 72 గంటల్లో ఇవ్వాలి. ఆ హక్కును లెన్సు చీటీ విషయంలో అడిగి వాడుకునేవాళ్లు తక్కువ. నంబరు, వంపు, వ్యాసం, కంపెనీ పేరు, తేదీ ఉన్న ఆ కాగితం చేతిలో ఉంటే నందిగామ షాపు, విజయవాడ షాపు, ఫోను, మూడు ధరలూ నిజంగా పోల్చవచ్చు. అది లేకుండా పోల్చేది పెట్టె మీది ధరనే.

ధర దించడం మన దేశానికి చేతకాని పని కాదు. 1976లో మదురైలో పదకొండు పడకలతో అరవింద్ కంటి ఆసుపత్రి మొదలుపెట్టిన డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి, శుక్లాల ఆపరేషన్‌లో లోపల అమర్చే లెన్సు వందకు పైగా డాలర్లు పలుకుతుంటే చూస్తూ ఊరుకోలేదు. 1992లో ఆరోలాబ్ పెట్టించారు. అదే లెన్సు పది డాలర్ల లోపుకు వచ్చింది, పేదవాడి కంట్లోకి చేరింది. కాంటాక్ట్ లెన్సు విషయంలో అలాంటి ప్రయత్నం అంత పెద్ద ఎత్తున జరగలేదు. కెరటోకోనస్ పిల్లల కోసమైనా అది జరగాలి.

ఇన్ని దారులూ చూశాక నా అభిప్రాయం ఇది. చెవిటికల్లు లాంటి ఊరికి చౌక లెన్సుల కొరత లేదు. దగ్గర్లో, నమ్మకంగా, ఏడాది పొడుగునా దొరికే కంటి పరీక్షకే కొరత. కంచికచర్లలో వారానికి రెండు రోజులు సైటు చూసి, చుక్కల మందు వేయవలసిన పిల్లలను గుర్తించి, పుండున్న కంటిని అదే రోజు విజయవాడ పంపే ఒక చిన్న కేంద్రం నడిస్తే చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ మేలు జరుగుతుంది. గ్రామసభల్లో రోడ్ల గురించి, కాలవల గురించి అడిగినట్టే దీన్నీ అడగండి. ఈలోగా ఈసారి కంటి పరీక్షకు వెళ్లినప్పుడు మీ నంబరు చీటీ తేదీతో సహా రాయించుకుని, ఇంట్లో ఆధార్ కార్డులతో పాటు భద్రపరచండి.